ప్రమాదవేళ జనసమూహములకు మార్గదర్శులు

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి సంవత్సరములో నాలుగైదు పర్యాయములైనను ఒక్క కప్పు క్రింద చేరుట అలవాటు. ఉగాది పంచాంగశ్రవణము, త్యాగరాజస్వామి ఆరాధన, పాఠశాల వార్షికోత్సవము, సంఘముయొక్క సర్వసభ్య సమావేశము, వివాహములు, ఉపనయనములు – ఇవన్నియు వందలకొలది జనమును ఒక హాలులోనికో కల్యాణమండపములోనికో రప్పించును. అట్టి కార్యములకు పూనుకొనువారు మైకును, దీపములను, విస్తళ్లను, తాంబూలములను గూర్చి ముందుగనే ఆలోచింతురు. వచ్చినవారిని ఆహ్వానించి కూర్చుండబెట్టుటకు పన్నీరుబుడ్డితో ద్వారముకడ ఇద్దరిని నిలుపుదురు. అకస్మాత్తుగ నిప్పంటుకొనినచో, పొగ క్రమ్మినచో, ఆ వచ్చిన వారందరిని వెలుపలికి కొనిపోవు బాధ్యత ఎవరిదను ప్రశ్న మాత్రము కార్యవర్గ సమావేశములలో అరుదుగ వినబడును.

ఈ బాధ్యతను కార్యమునకు పూర్వమే స్వీకరించి, ఆ భవనముయొక్క ద్వారములను మెట్లను ఎరిగి, జనమునకు ముందు నడచి వారిని బయలునకు చేర్చుటకు అభ్యాసము చేసిన వ్యక్తికి ఈ వ్యాసమున ‘మార్గదర్శి’ యను పేరు వాడబడినది. వెడల్పైన ద్వారములు, నీటి తొట్లు, నిప్పునార్పు సాధనములు, హెచ్చరిక గంటలు ముఖ్యములే. ఐనను కూర్చున్న జనమును లేపి సరియైన ద్వారమువైపు నడిపించుటకు దారి తెలిసిన మనిషి కావలెనని గడచిన నూరేండ్ల అనుభవమును ఇటీవలి పరిశోధనలును తెలుపుచున్నవి. ఆ అనుభవమును సంగ్రహించి, తెలుగు సంఘములును పాఠశాలలును దానిని ఎట్లు వినియోగించుకొనవచ్చునో వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

జరిగిన ప్రమాదములు

తెలుగువారు తరతరములుగ నివసించుచున్న రాష్ట్రములలోనే ఇట్టి దుర్ఘటనలు కొన్ని జరిగినవి. 1981 ఫిబ్రవరి 7వ తేదీన బెంగుళూరులో వీనస్ సర్కసు డేరా తగులబడి 92 మంది మరణించిరి. వారిలో పిల్లలే అధికము. 2004 జనవరి 23వ తేదీన శ్రీరంగములోని ఒక కల్యాణమండపమున పందిరికి నిప్పంటుకొని యాభైమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మృతులలో పెండ్లికుమారుడును ఉండెను. అదే సంవత్సరము జూలై 16వ తేదీన కుంభకోణములోని ఒక పాఠశాలలో వంటయింటి నిప్పు పూరికప్పునకు ప్రాకి 94 మంది చిన్నపిల్లలు ఆహుతియైరి.

ఉత్తరాదిని 1995 డిసెంబరు 23వ తేదీన హర్యానాలోని డబ్వాలీ పట్టణములో పాఠశాల వార్షికోత్సవము జరుగుచున్న పందిరి కాలి నాలుగు వందలమందికి పైగా మరణించిరి. 1997 జూన్ 13వ తేదీన ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో 59 మంది మరణించిరి. ఈ కడపటి ఘటన ప్రత్యేకముగ గమనింపదగినది. అచట క్రింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మరునుండి మంటలు పుట్టి, పొగ బాల్కనీకి ఎక్కెను. బాల్కనీలో అదనపు కుర్చీలు వేయుటకై ఒక దారి మూయబడియుండెను. ప్రేక్షకులను హెచ్చరించు ప్రకటన యేదియు చేయబడలేదు. చీకటిలో దారి చూపువారు లేక, పొగకు ఊపిరాడక జనము మరణించిరి.

పూరికప్పు, గుడ్డపందిరి, ఇరుకు మెట్లు, మూసిన తలుపు – ఈ దుర్ఘటనలకు ఇవి భౌతిక కారణములు. వీనిని చట్టము చేతను, తనిఖీ చేతను నివారింపవలెను. కాని జాగ్రత్తలన్నియు తీసికొనిన చోటను నిప్పు పుట్టుట సంభవమే. పుట్టిన తరువాత లోనివారికి మిగులు వ్యవధి కొన్ని నిమిషములు మాత్రమే. ఆ కొన్ని నిమిషములలో జనము ఏమి చేయుదురను విషయమును తెలిసికొనినగాని మార్గదర్శి యొక్క అవసరము బోధపడదు.

జనసమూహము ప్రవర్తించు తీరు

ప్రమాదమును చూచినంతనే జనము మతిదప్పి పరుగిడుదురనియు, తొక్కిసలాటయే మరణములకు మూలమనియు సామాన్యాభిప్రాయము. శాస్త్రజ్ఞులు వాస్తవ ఘటనలను పరిశీలించినపుడు కనబడినది వేరు. జనములో మొట్టమొదట కనబడు లక్షణము ఆలస్యము. గంట మ్రోగినను, పొగవాసన తగిలినను, ప్రతివాడును తన ప్రక్కవానివైపు చూచును. ప్రక్కవాడు కదలలేదు గనుక తానును కదలడు. 1979 మే 8వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున వుల్‌వర్త్ దుకాణములో మంటలు లేచి పదిమంది మరణించిన సందర్భమున, అందలి భోజనశాలలోని కొందరు తమ భోజనమును విడిచి లేచుటకు ఇష్టపడలేదని ఆ ప్రమాదమును పరిశీలించినవారు చెప్పియున్నారు. విస్తరి ముందు కూర్చున్నవారు నడుమ లేవరాదను నియమము గల తెలుగువారికి ఈ సంగతి వింతగ తోచదు. పెండ్లిపంక్తిలో కూర్చున్న రెండు వందలమంది ఒక గంటమ్రోతకు విస్తళ్లు విడిచి లేతురని ఆశించుట కష్టము.

రెండవ లక్షణము, వచ్చిన దారినే వెదకుట. 1973 ఆగస్టు 2వ తేదీన ఐల్ ఆఫ్ మాన్ ద్వీపములో సమ్మర్లాండ్ అను విహారభవనము కాలి 50 మంది మరణించిరి. ఆ ఘటనను జొనాథన్ సైమ్ అను బ్రిటిష్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు లోతుగ పరిశీలించెను. సందర్శకులలో అనేకులు తాము లోనికి వచ్చిన ప్రధానద్వారమువైపునకే పోయిరి. ప్రమాదకాలమునకై ప్రత్యేకముగ ఏర్పరచిన ద్వారమును ఎక్కువగ ఉపయోగించినవారు, దానిని నిత్యము ఎరిగియున్న ఉద్యోగులు. తెలియని ద్వారము దగ్గరగ నున్నను జనమునకు దూరమే. తెలిసిన ద్వారము దూరముగ నున్నను దగ్గరయే.

మూడవ లక్షణము, తనవారిని వెదకుట. అదే పరిశీలనలో తల్లిదండ్రులు బిడ్డలనుండి విడివడి యున్నచో ద్వారమువైపు పోక బిడ్డలకొరకు పోయిరనియు, కుటుంబమంతయు ఒకచోట నున్నచో కలిసియే కదలిరనియు తేలినది. ఇది స్వార్థముతో కూడిన పరుగునకు పూర్తిగ విరుద్ధమైన నడత. తెలుగువారి సభలలో పిల్లలు వేదికకడను, స్త్రీలు ఒక ప్రక్కను, పెద్దలు మరియొక ప్రక్కను కూర్చుందురు. అట్టి హాలులో హెచ్చరిక వినబడినంతనే జనము ద్వారములవైపు గాక ఒకరివైపు ఒకరు ఎదురెదురుగ కదలుదురని ఊహించుట కష్టము కాదు.

తొక్కిసలాట ఈ మూడింటి తరువాత వచ్చునది. ఆలస్యముచే వ్యవధి తరిగిపోయి, అందరును ఒకే ద్వారమునకు చేరినపుడు, వెనుకనున్నవారికి ముందు జరుగుచున్నదేమో కనబడదు. వారు నెట్టుచున్నామని ఎరుగకయే నెట్టుదురు. చదరపు మీటరునకు ఐదుగురికి మించి జనము చేరినచో ఎవరి నడక వారి వశములో నుండదు.

ద్వారముల లెక్క

ఈ విషయమును ఒక చిన్న లెక్కతో స్పష్టపరుపవచ్చును. ఒక మీటరు వెడల్పుగల ద్వారముగుండ క్రమముగ నడచుచున్న జనము నిమిషమునకు సుమారు 70 నుండి 80 మంది వెలువడగలరు. ఐదు వందలమంది యున్న హాలులో అందరును ఒక్క ప్రధానద్వారమునకే పోయినచో వారు వెలువడుటకు ఆరేడు నిమిషములు పట్టును. అట్టివే మూడు ద్వారములుండి, జనము మూడుపాళ్లుగ విడిపోయినచో రెండు నిమిషములకు కొంచెము పైగా సరిపోవును. పందిరిగుడ్డ, ప్లాస్టికు అలంకారములు, దూది పరుపుల కుర్చీలు గల హాలులో నాలుగైదు నిమిషముల భేదము ప్రాణములకును మరణమునకును గల భేదమే. కాని ఆ మూడుపాళ్ల విభజన తనంతట తాను జరుగదు. కడపటి రెండు ద్వారములకు జనమును ఎవరో పిలిచి కొనిపోవలెను.

మార్గదర్శి చేసిన మేలు

మార్గదర్శులు లేకపోవుటచే కలుగు నష్టమునకు 1903 డిసెంబరు 30వ తేదీన అమెరికాలోని షికాగో నగరమున జరిగిన ఇరోక్వా నాటకశాల ప్రమాదము పెద్ద నిదర్శనము. శాల అప్పుడే క్రొత్తగ తెరువబడినది. పండుగ సెలవులగుటచే స్త్రీలును పిల్లలును ఎక్కువగ వచ్చియుండిరి. తలుపులు కొన్ని తాళము వేయబడియుండెను. కొన్నిటి గడియలు తీయు విధము ప్రేక్షకులకు తెలియదు. సీట్లు చూపు ఉద్యోగులకు అగ్నిప్రమాద సమయమున ఏమి చేయవలెనో ఎవరును నేర్పియుండలేదు. అచట 602 మంది మరణించిరి.

దీనికి భిన్నమైన ఉదాహరణము అదే దేశములో 1977 మే 28వ తేదీన కెంటకీ రాష్ట్రమున బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్బులో కనబడినది. ఒక పెద్ద గదిలో వేయిమందికి పైగా హాస్యప్రదర్శనము చూచుచుండిరి. మంటల సంగతి ఎరిగిన వాల్టర్ బెయిలీ అను పదునెనిమిదేండ్ల యువకుడు – భోజనపు బల్లలు శుభ్రపరచు ఉద్యోగి – వేదికపైకి ఎక్కి, మైకు తీసికొని, ద్వారములు ఏ ప్రక్కనున్నవో చేతితో చూపి, అందరిని వెంటనే వెలుపలికి పొమ్మని శాంతముగ చెప్పెను. ఆ రాత్రి 165 మంది మరణించిరి. ఐనను ఆ మాట విని లేచిన వందలమంది బయటపడిరి. కొందరు మాత్రము అతని మాటను ప్రదర్శనములోని హాస్యమనుకొని కూర్చుండిపోయిరి. ఈ చిన్న సంగతిలో పెద్ద పాఠము కలదు. చెప్పువాడు ఎవరో జనమునకు ముందుగ తెలియవలెను. అతని మాటకు అధికారమున్నదని చూడగనే తోచవలెను.

ముందస్తు అభ్యాసము ఏమి చేయగలదో 2001 సెప్టెంబరు 11వ తేదీన న్యూయార్కు నగరములో వెల్లడియైనది. అచటి వాణిజ్య భవనములలో ఒక పెద్ద సంస్థకు రక్షణాధికారిగ నున్న రిక్ రెస్కోర్లా, 1993లో అదే భవనమున జరిగిన బాంబు ప్రేలుడు తరువాత, ఉద్యోగులందరిచేత మెట్లు దిగు అభ్యాసమును మాటిమాటికి చేయించుచుండెను. పనికి ఆటంకమని కొందరు విసుగుకొనినను అతడు మానలేదు. ప్రమాదదినమున ఆ సంస్థకు చెందిన సుమారు 2,700 మందిలో దాదాపు అందరును దిగి బయటపడిరి. మిగిలినవారికొరకు మరల పైకి పోయిన రెస్కోర్లా తిరిగి రాలేదు.

చేయి చూపుటయా, వెంట గొనిపోవుటయా?

మార్గదర్శి యేవిధముగ నడిపించిన ఎక్కువ ఫలము కలుగునను విషయముపై శాస్త్రీయ పరీక్షలు జరిగినవి. జపానులో సుగిమాన్, మిసుమి అను ఇద్దరు పరిశోధకులు ఒక భూగర్భ విక్రయశాలలో జరిపిన అభ్యాసముయొక్క ఫలితములను 1988లో ప్రకటించిరి. వారు రెండు పద్ధతులను పోల్చి చూచిరి. మొదటిది అందరును ఎరిగినది: నాయకుడు పెద్దగొంతుతో కేకవేసి, చేయిచాచి ద్వారమును చూపును. రెండవ పద్ధతిలో నాయకుడు జనమంతటిని ఉద్దేశించి ఏమియు చెప్పడు. తన దగ్గరనున్న ఒకరిద్దరితో ‘నా వెంట రండి’ అని చెప్పి వారితో కలిసి ద్వారమువైపు నడచును. ఆ చిన్నగుంపు కదలుట చూచి ప్రక్కవారు చేరుదురు. వారిని చూచి మరికొందరు చేరుదురు. ఆ పరీక్షలో ఈ రెండవ పద్ధతిచే జనము త్వరితముగ వెలువడిరి. మార్గదర్శులు తగినంతమంది యున్నచోట ఇది మేలైన పద్ధతి. జనము మిక్కిలి ఎక్కువయై మార్గదర్శులు కొలదిమందియే యున్నచోట గొంతెత్తి దారి చూపుట తప్పదు.

2008లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరియొక విషయము వెల్లడించిరి. రెండు వందలమంది గుంపులో మాటలు లేక సైగలు లేక నడచుచున్నపుడును, పోవలసిన చోటు తెలిసినవారు నూటికి ఐదుగురున్నచో తక్కినవారు వారి వెంటనే పోవుదురని తేలినది. 2016లో ఇటలీ మొదలగు దేశముల గణితజ్ఞులు, మార్గదర్శులమని చెప్పుకొనక జనములో కలిసిపోయి నడచువారు కొందరున్నను గుంపు సరియైన ద్వారమునకు మరలునని గణితము చేతను, విద్యార్థులతో చేసిన ప్రయోగము చేతను చూపిరి. తెలియని చోట జనము ఎవరినో ఒకరిని అనుసరించియే తీరుదురు. అనుసరింపబడువాడు దారి ఎరిగినవాడగుట ఒక్కటే మానవప్రయత్నముచే కుదుర్చుకొనవలసినది.

నిజము చెప్పవలయునా వలదా యను సందేహమునకును పరిశోధన సమాధానమిచ్చినది. గిలేన్ ప్రూ, జొనాథన్ సైమ్ అనువారు ఇంగ్లండులోని న్యూకాసిల్ నగర భూగర్భ రైలుస్టేషనులో జరిపిన పరీక్షల ఫలితములు 1991లో ప్రకటింపబడినవి. గంట మాత్రమే మ్రోగినపుడు ప్రయాణికులు చాలసేపు నిలిచిన చోటనే నిలిచియుండిరి. ఉద్యోగులు వచ్చి పొమ్మనినపుడును, ఏమి జరిగినదో ఎటు పోవలెనో స్పష్టముగ ప్రకటించినపుడును వారు వెంటనే కదలిరి. నిజము తెలిసిన జనము బెదరిపోలేదు, పనికి పూనుకొనిరి.

హాలులో చేయదగిన ఏర్పాట్లు

ఈ ఫలితములను సంఘముల సభలకు అన్వయించుట కష్టము కాదు. ఒక్కొక్క ద్వారమునకు ఇద్దరు చొప్పున మార్గదర్శులను నియమింపవలెను. ఒకరు ముందు నడచి జనమును కొనిపోవలెను. రెండవవారు చివరగ నడచి, ఎవరును మిగులలేదని చూచి వెలువడవలెను. వీరుగాక వేదికకడ మైకునొద్ద ఒకరు, భోజనశాలలో ఇద్దరు, స్త్రీలును పిల్లలును ఎక్కువగ నున్నచోట ఇద్దరు స్త్రీ మార్గదర్శులు ఉండుట మంచిది. వృద్ధులకును, నడువలేనివారికిని తోడుగ పోవలసినవారిని పేరుపేరున ముందే నిర్ణయింపవలెను. అందరికి ఒకే రంగు కండువా వేసినచో జనము గుర్తింతురు. టార్చిలైటు, ఈల ప్రతివారియొద్దను ఉండవలెను.

సభకు గంటముందు మార్గదర్శులు హాలంతయు ఒకసారి నడచి చూడవలెను. ఏ తలుపు తాళము వేయబడినది, తాళపుచెవి ఎవరియొద్ద నున్నది, తలుపు లోనికి తెరచుకొనునా వెలుపలికి తెరచుకొనునా, మెట్లపై పూలబుట్టలో వంటపాత్రలో పెట్టబడినవా, కుర్చీల నడుమ దారి విడువబడినదా – ఇవి చూచుకొనవలసిన విషయములు. తాళము తీయించుటకు వీలుపడనిచో సభను ఆరంభింపకుండుట ఉత్తమము. మూసిన తలుపును మార్గదర్శి తెరువజాలడు. వెలుపల జనము చేరవలసిన బయలును గూడ నిర్ణయించుకొనవలెను. ఆ బయలు అగ్నిమాపక వాహనములు వచ్చు దారికి అడ్డముగ నుండరాదు.

ప్రమాదము కనబడినంతనే ఒకరు 101 లేదా 112 సంఖ్యకు టెలిఫోను చేయవలెను. వేదికకడ నున్నవారు కార్యక్రమమును ఆపి విషయమును చెప్పవలెను. మార్గదర్శులు దగ్గరి వరుసవారిని పేరుతోనో వరుసతోనో పిలిచి లేపి నడువవలెను. పొగ యున్నచోట వంగి నడువుమని చెప్పవలెను. లిఫ్టును ఎవరును వాడరాదు. చెప్పులకొరకు, నగలపెట్టెకొరకు, పెండ్లికానుకలకొరకు ఎవరిని వెనుకకు పోనీయరాదు. నిప్పునార్పుట మార్గదర్శి పని కాదు; ఆ పనిలో పడినచో జనము దారిలేనివారగుదురు.

ఎత్తైన భవనములకు భారత జాతీయ భవననిర్మాణ నియమావళి ఇట్టి ఏర్పాట్లనే చెప్పుచున్నది. అంతస్తునకు ఒక అగ్నిరక్షకుడు ఉండవలెననియు, మొదటి రెండు సంవత్సరములు మూడు నెలలకొక పర్యాయము, తరువాత ఆరునెలలకొక పర్యాయము అభ్యాసము జరుపవలెననియు అందు కలదు. సంఘముల హాలులు అంత ఎత్తైనవి కాకపోవచ్చును. సంవత్సరమునకు రెండు అభ్యాసములు మాత్రము ఏ సంఘమునకును భారము కావు.

భాషాసమస్య

ఒక విషయము పొరుగు రాష్ట్రములలోని తెలుగువారికి ప్రత్యేకమైనది. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము వంటి చోట్ల తెలుగువారి సభకు వచ్చు జనము ఒక్క భాషవారు కారు. ఇంట తెలుగు మాటలాడు వృద్ధురాలికి ఆంగ్ల ప్రకటన అర్థము కాదు. స్థానిక పాఠశాలలలో చదివిన యువకులు కొందరు తెలుగు మాటలాడుదురు గాని తెలుగు అక్షరములు చదువలేరు. తెలుగులో వ్రాసిన ‘బయటికి దారి’ అను పలక వారికి ఉపయోగపడదు. అతిథులుగ వచ్చిన పొరుగువారికి తెలుగు బొత్తిగ రాకపోవచ్చును. యానాములో ప్రజల వాడుకభాష తెలుగే యగుటచే ఈ చిక్కు తక్కువ. తక్కిన చోట్ల దీనిని ముందే ఎదుర్కొనవలెను.

భయము కలిగినపుడు మనిషి చెవికి మొదట ఎక్కునది తల్లిభాష. కావున మార్గదర్శి చెప్పవలసిన మాటలు చిన్నవిగ, వాడుకభాషలో, రెండు భాషలలో ఉండవలెను. ‘పొగ వస్తోంది. అందరూ లేవండి. సామాన్లు వదిలేయండి. నా వెనకాల రండి.’ – ఇంతకు మించిన ప్రసంగము అవసరము లేదు. తమిళనాడులోని మార్గదర్శికి ‘ఎన్ పిన్నాలే వాంగ’ అనియు, కర్ణాటకలో ‘నన్న హిందె బన్ని’ అనియు, మహారాష్ట్రలో ‘మాఝ్యా మాగే యా’ అనియు, ఒడిశాలో ‘మో పఛే పఛే ఆసంతు’ అనియు చెప్పగలుగుట చాలును. రెండు భాషలు నిత్యము వాడు తెలుగువారికి ఇది సహజముగనే అబ్బిన విద్య. రెండిళ్ల భాష ఎరిగిన ఈ జనము ఆపత్సమయమున ఇరుగుపొరుగువారికి గూడ మార్గదర్శులు కాగలరు. దారి చూపు పలకలపై అక్షరములతోపాటు బాణపు గుర్తు ఉండుటయు అవసరము.

పాఠశాలలు

అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో ఈ శిక్షణ అన్నింటికంటె ముందుగ ఆరంభింపదగినది. అట్టి పాఠశాలలలో అనేకము పాత భవనములలో, తక్కువమంది ఉపాధ్యాయులతో నడచుచున్నవి. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను చూచుకొనవలసిన చోట, పెద్ద తరగతుల విద్యార్థులు మార్గదర్శులు కావలసియుండును. ఇది అసాధ్యము కాదని జపాను చూపినది. 2011 మార్చి 11వ తేదీన సునామీ వచ్చినపుడు కమైషి పట్టణములో మాధ్యమిక పాఠశాల విద్యార్థులు తామై ముందు కదలి, ప్రాథమిక పాఠశాల పిల్లల చేతులు పట్టుకొని గుట్టలపైకి కొనిపోయిరి. ఆ పట్టణములోని సుమారు 3,000 మంది బాలబాలికలలో దాదాపు అందరును బ్రదికిరి. తొషితక కతాద అను ఆచార్యుడు అంతకుముందు కొన్ని సంవత్సరములుగ వారికి ఇచ్చుచుండిన శిక్షణయే దానికి కారణము. అచట ప్రమాదము సముద్రమునుండి వచ్చినది, పోవలసినది ఎత్తైన నేలకు. ఐనను ముందు నడచువాడు తక్కినవారిని కదలించునను సూత్రము ఒక్కటే.

కుంభకోణము దుర్ఘటన తరువాత దాఖలైన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13వ తేదీన తీర్పు చెప్పుచు, బాలల విద్యాహక్కులో సురక్షితమైన పాఠశాల గూడ చేరియున్నదని ప్రకటించెను. పాఠశాలలలో అగ్నిమాపక సాధనములు ఉండవలెననియు, సిబ్బందికి శిక్షణ ఇవ్వవలెననియు ఆదేశించెను. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బయటికి వెలువడునపుడు హాజరుపట్టీని వెంట తీసికొనిపోవును; బయలులో పేర్లు పిలిచి లెక్క చూచును. ఒక్క పేరు తక్కువైనను ఆ సంగతి అగ్నిమాపక దళమునకు వెంటనే తెలియును. హాజరుపట్టీకి ఇంతకంటె గొప్ప ప్రయోజనము లేదు.

ఆక్షేపణలు

శుభకార్యమున అగ్నిప్రమాదపు మాట యెత్తుట అశుభమని కొందరు పెద్దలు శంకింపవచ్చును. విమానము లేచుటకు ముందు ప్రతిసారియు ద్వారములు చూపి జాగ్రత్తలు చెప్పుదురు. అందుచే ప్రయాణము అశుభమని ఎవరును తలంపరు. స్వాగతవచనములలో ‘ఎడమ ప్రక్కను వెనుకను గూడ ద్వారములున్నవి, ఎర్రకండువా వేసికొనినవారు అవసరమునకు దారి చూపుదురు’ అని అరనిమిషము చెప్పుటలో దోషము లేదు. అగ్నిమాపక దళము ఉండగా సంఘమునకు ఈ శ్రమ ఏలయని మరికొందరు అడుగవచ్చును. దళము ఎంత వేగముగ వచ్చినను కొన్ని నిమిషములు పట్టును. ప్రాణములు నిలుచుటయో పోవుటయో ఆ నిమిషములలోనే తేలిపోవును. అదియునుగాక, కోరినచో అగ్నిమాపక శాఖవారు పాఠశాలలకును సంస్థలకును వచ్చి అభ్యాసము చూపుదురు. ఏటేట ఏప్రిల్ 14వ తేదీనుండి జరుగు అగ్నిమాపక వారోత్సవము దానికి తగిన సమయము. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో జరిగిన ప్రేలుడులో ప్రాణములర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థము ఆ దినము ఏర్పడినది. ఉగాదికి దగ్గరగ వచ్చు ఆ వారములో సంఘముల అభ్యాసము జరుపుట సులభము.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట తెలుగువారి సామెతలోని అవివేకము. మార్గదర్శుల శిక్షణ ముందుగ త్రవ్వుకొనిన బావి వంటిది. దీనికి ధనవ్యయము స్వల్పము. కావలసినవి పది మంది స్వచ్ఛందసేవకులు, పది కండువాలు, పది టార్చిలైట్లు, సంవత్సరమునకు రెండు సాయంకాలములు. ప్రతి తెలుగు సంఘమును తన రాబోవు కార్యవర్గ సమావేశములో ఈ పదిమంది పేర్లను వ్రాసికొనినచో, ప్రతి తెలుగు పాఠశాలయు ఈ విద్యాసంవత్సరములో ఒక అభ్యాసము జరిపినచో, సభలకు వచ్చు వృద్ధులును పసిపిల్లలును వచ్చినట్లే క్షేమముగ ఇండ్లు చేరుదురు. అతిథిని ద్వారముకడ ఆహ్వానించుట ఎంత ధర్మమో, ఆపదలో అతనిని ద్వారము దాటించుటయు అంతే ధర్మము.